మొక్కజొన్న సుడిలో పొట్టు కనిపిస్తే: మందు కొనే ముందు చేయవలసిన పని

తమ్ముడూ,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిండి దగ్గర రెండున్నర ఎకరాల ఎర్ర చెలకలో మొక్కజొన్న వేశారు. పైరు వయసు 28 రోజులు. ఆకులు చిల్లులు పడ్డాయి, సుడిలో, అంటే మొక్క నడుమ ముడుచుకుని ఉండే లేత ఆకుల్లో, రంపపు పొట్టు లాంటిది పేరుకుంది. దుకాణంలో ఇచ్చిన మూడు మందులు కలిపి వారంలో రెండుసార్లు కొట్టినా పురుగు చావలేదు. ఇప్పుడు గుళికలు వేయాలా, చేను చెడగొట్టి మరో పంట వేసుకోవాలా, పక్కనున్న జొన్నకూ పత్తికీ ఇది పాకుతుందా అని అడిగారు.

మిగతావి నిదానంగా చెబుతాను కానీ ఒక్క మాట ముందే చెప్పాలి. చేను చెడగొట్టకండి. 28 రోజుల మొక్కజొన్నకు ఇంకా రావలసిన ఆకులు చాలా ఉన్నాయి. చినిగిపోయిన ఆకును చూస్తే గుండె జారుతుంది, నిజమే. కానీ కండెను నింపేది ప్రధానంగా ఇకముందు వచ్చే పై ఆకులే. సుడి లోపల మొవ్వు పచ్చగా బతికి ఉన్నంతవరకు పైరు కోలుకుంటుంది. ఆకులు చూసి భయపడి దున్నేసి, అదను దాటాక ఇంకో విత్తనం వేసి, దానికీ దీనికీ కాకుండా పోయిన రైతులను నేను కల్వకుర్తి, దేవరకొండ వైపు పనిచేసిన ఏళ్లలో ఎందరినో చూశాను.

ఇక అసలు పని. రేపు తెల్లవారి ఆరింటికల్లా చేలోకి వెళ్లండి. పంపు ఇంట్లోనే ఉంచి చిన్న కత్తి ఒకటి తీసుకెళ్లండి. పొట్టు ఉన్న మొక్కను ఒకటి ఎంచుకుని, సుడిని కింది నుంచి కోసి, అరచేతిలో పెట్టుకుని ఆకులను ఒక్కొక్కటిగా విప్పండి. పై ఆకు మీద చిరుగులు, దాని కింద తడిసిన పొట్టు, ఆ కింద మెత్తటి లేత పసుపు ఆకు మడత, ఆ మడతలో పురుగు కనిపిస్తాయి. దాన్ని గడ్డిపుల్లతో మెల్లగా కదిపి తల వైపు చూడండి. నుదుటి మీద తలకిందులుగా రాసిన ఇంగ్లిష్ వై అక్షరం తెల్లగా కనిపిస్తే, తోక వైపు చివరి నుంచి రెండో కణుపు మీద నాలుగు నల్లటి చుక్కలు పాచిక మీది నాలుగులాగా చదరంగా ఉంటే, అది కత్తెర పురుగు. మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకు తొంభై పాళ్లు అదే అనిపిస్తోంది. అయినా మీ కళ్లతో మీరు చూడాలి. ఎందుకంటే మొక్కజొన్నలో ఆకుకు చిల్లులు పెట్టే పురుగు ఇదొక్కటే కాదు.

కాండం తొలుచు పురుగు కూడా మొదట ఆకునే గీకుతుంది. ముడుచుకుని ఉన్న ఆకును అడ్డంగా తొలుస్తుంది కాబట్టి ఆకు విచ్చుకున్నాక గుండ్రటి చిన్న రంధ్రాలు సూదితో కుట్టినట్టు వరుసగా కనిపిస్తాయి. తరువాత అది కాండంలోకి దిగిపోతుంది, మొవ్వు ఎండి చనిపోతుంది. వానాకాలంలో ఎక్కువగా వచ్చేది ఒంటి మీద గోధుమ రంగు మచ్చలుండే రకం. యాసంగిలో వచ్చేది గులాబి రంగు పురుగు. ఇది పత్తిలోని గులాబి రంగు పురుగు కాదు, పేరు కలిసిందంతే. కత్తెర పురుగు చేసే చిల్లులకు వరుస ఉండదు. అవి పెద్దవిగా, అంచులు చిరిగిపోయి, మేక మేసినట్టుంటాయి. పొట్టు, అంటే పురుగు వేసే రెట్ట, కూడా దీనికే కుప్పగా పేరుకుంటుంది.

ఈ పురుగు మన నేలది కాదు. అమెరికా ఖండాల నుంచి 2016లో ఆఫ్రికాకు, అక్కడి నుంచి 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గకు చేరింది. కొన్ని నెలల్లోనే తెలంగాణ చేలల్లోకి వచ్చేసింది. గాలివాటంగా ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా పోగల రెక్కల పురుగును ఏ గట్టూ ఆపలేదు. అందుకే పక్క రైతు మందు కొట్టనందుకు మీ చేలోకి వచ్చిందని వాళ్లతో తగువు పెట్టుకోవద్దు. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా అది వస్తుంది. వచ్చిందని ఎన్నో రోజున గుర్తించామన్నదే మన చేతిలో ఉన్న విషయం.

గుడ్లు ఆకు మీద వంద నుంచి రెండు వందల దాకా ఒకే కుప్పగా ఉంటాయి. పైన బూజు పట్టినట్టు బూడిద రంగు నూగు కప్పి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఆ పిల్లలు ఆకును కొరకలేవు, గీకుతాయి. గీకిన చోట పచ్చదనం పోయి పలచటి పొర మిగులుతుంది. ఆకును వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే పాత ఇళ్లలో పైకప్పుకు బిగించే అద్దపు పెంకులాగా మెరుస్తుంది. నూటికి తొంభై మంది రైతులు ఈ పొరను చూసి ఎరువు తగ్గిందనో ఎండ దెబ్బ అనో అనుకుని వదిలేస్తారు. పది రోజుల తరువాత పొట్టు కనిపించినప్పుడు దుకాణానికి పరుగెత్తుతారు. అప్పటికి పురుగు చిటికెన వేలి పొడవుకు దగ్గర పడి ఉంటుంది. పురుగు తన జీవితంలో తినే మేతలో చాలా భాగం చివరి రెండు దశల్లోనే తింటుంది, మందుకు లొంగనిది కూడా ఆ దశల్లోనే. అగ్గిపుల్ల మందమైనా లేని పిల్లను చంపే మోతాదు ఆ పెద్ద పురుగుకు సరిపోదు. మీ రెండు పిచికారీలు వృథా కావడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం నా చేలోనే చూశాను. 2018 తరువాతి యాసంగిలో నా మొక్కజొన్నకు ఇదే పురుగు పట్టింది. ఒక దుకాణదారు ఇచ్చిన మందును నేను ఉదయం పదకొండు గంటలకు, కూలీ దొరికిన వేళ చూసుకుని, ఆకుల మీద మంచులా పడేట్టు కొట్టించాను. ఊళ్లూళ్లూ తిరిగి రైతులకు చెప్పినవాణ్ని, నా చేలో ఆ తప్పు చేశాను. మర్నాడు పొద్దున సుడి కోసి చూస్తే పొట్టు పైభాగం తడిసి గట్టిపడి ఉంది. వేలితో దాన్ని తీసి కిందికి చూస్తే అంతా పొడి, ఒక్క చుక్క దిగలేదు. ఆ పొడి చోట పురుగు నిక్షేపంగా మేస్తూ కనిపించింది. దాని పొట్టే దానికి పైకప్పు అయింది. పైగా అది రాత్రిపూట, తెల్లవారుజామున పైకి వచ్చి మేస్తుంది, ఎండ ఎక్కితే అడుగుకు దిగుతుంది. పదకొండు గంటలకు కొట్టిన మందు ఎండకు ఆరిపోవడానికే పనికొచ్చింది.

కాబట్టి ఈ పురుగుకు మందు కొట్టడమంటే సుడిలో పోయడమే అనుకోండి. పంపు ముక్కును సుడికి ఎదురుగా పట్టి, ద్రావణం లోపలికి కారేట్టు, ఒక్కో మొక్క దగ్గర ఒక క్షణం ఆగి పోవాలి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు పడాలి. పది ట్యాంకుల పనిని నాలుగు ట్యాంకులతో ముగించే మనిషిని పెట్టుకుంటే కూలి డబ్బులూ మందు డబ్బులూ రెండూ పోతాయి. ఉదయం తొమ్మిదిలోపు, లేదంటే సాయంత్రం నాలుగున్నర తరువాత కొట్టాలి.

మూడో కారణం ఆ మూడు మందుల కలగలుపు. డబ్బాల పేర్లు మీరు రాయలేదు. ఒకే గుంపుకు చెందిన మందులు వేరువేరు పేర్లతో రావడం మామూలే. రెండు డబ్బాలు కలిపినంత మాత్రాన రెండు రకాల దెబ్బ తగిలినట్టు కాదు. కొన్ని కలిస్తే విరిగిపోతాయి, కొన్ని ఆకును మాడుస్తాయి. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది మరొకటి. కలగలుపు మందు సుడిలో ఉన్న మిత్రపురుగులన్నిటినీ చంపుతుంది. సుడి విప్పినప్పుడు వెనక పటకారులాంటి రెండు కొండీలున్న గోధుమ రంగు పురుగు కనిపిస్తే దాన్ని నలపకండి. అది కత్తెర పురుగు గుడ్లనూ పిల్లలనూ తింటుంది. అక్షింతల పురుగులు, సాలీళ్లు కూడా మనవే.

ఇప్పుడు మీ చేలో చేయవలసింది చెబుతాను. ముందు లెక్క. చేలో అయిదు చోట్ల, ఒక్కో చోట వరుసగా ఇరవై మొక్కలు, మొత్తం వంద మొక్కలు చూడండి. పాత చిరుగులను లెక్కపెట్టవద్దు. ఈ రోజు వేసిన తడి పొట్టు ఉన్నదీ, పురుగు బతికి ఉన్నదీ మాత్రమే లెక్క. మొలక నుంచి చిన్న సుడి దశ వరకు నూటికి 5 మొక్కలకు ఉంటే మందు అవసరం. మీ పైరు దశ నుంచి జల్లు, అంటే మొక్క కొసన మగ పూత, వచ్చేలోపు 10 నుంచి 20 దాటితేనే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది. అంతకంటే తక్కువైతే ఇంట్లోవాళ్లను తీసుకెళ్లి పురుగులను చేత్తో ఏరి కిరోసిన్ నీళ్లలో వేయండి. రెండున్నర ఎకరాలకు అది రెండు పూటల పని.

లెక్కలో దాటిపోయి, పురుగులు ఎక్కువగా అంగుళం దాటినవే అయితే పిచికారీ కంటే విషపు ఎర బాగా పనిచేస్తుంది. ఎకరాకు 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం తీసుకోండి. బెల్లాన్ని రెండు మూడు లీటర్ల నీళ్లలో కరిగించి తవుడులో కలిపి, గోనె కప్పి 24 గంటలు పులియనివ్వండి. చేలో వేయడానికి అరగంట ముందు మాత్రమే 100 గ్రాముల థయోడికార్బ్ కలపండి. చేతికి తొడుగు తప్పనిసరి. చిటికెడు చొప్పున సుడుల్లో వేసుకుంటూ సాయంత్రం పూట ముగించండి. రాత్రి మేతకు పైకి వచ్చే పురుగు బెల్లం వాసనకు దాన్ని తింటుంది. ఒక హెచ్చరిక: ఆ వాసనకు పశువులూ కుక్కలూ కూడా వస్తాయి. కలిపిన గిన్నెను ఇంటి ముందు వదలకండి, మిగిలింది గట్టు మీద పోయకండి, ఆ చేలోకి గొర్రెల మందను రానివ్వకండి.

పురుగులు ఇంకా చిన్నవే ఎక్కువ ఉంటే ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం మందును లీటరు నీటికి 0.4 గ్రాములు, అంటే ఎకరాకు 80 గ్రాములు, పైన చెప్పినట్టు సుడిలో పడేలా కొట్టండి. వారం ఆగి మళ్లీ వంద మొక్కలు లెక్కపెట్టండి. మళ్లీ అవసరమైతే అదే మందు వద్దు. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం లీటరుకు 0.4 మిల్లీలీటర్లు, లేకపోతే స్పైనటోరామ్ 11.7 శాతం లీటరుకు 0.5 మిల్లీలీటర్లు వాడండి. ఈ మూడూ మూడు వేరువేరు గుంపులవి, పురుగును వేరువేరు దారుల్లో దెబ్బ తీస్తాయి. ఒకటే మందును పదేపదే కొడితే బతికి బట్టకట్టిన పురుగుల సంతానమే మిగులుతుంది. జల్లు, పీచు వచ్చాక పురుగుమందు జోలికి వెళ్లవద్దు. అప్పుడు ఖర్చు గిట్టదు, తేనెటీగలూ పోతాయి. కంటబడిన పురుగును ఏరివేయడమే ఆ దశలో మార్గం.

గుళికల సంగతి. మీ పొరుగువారు చెప్పిన కార్బోఫ్యురాన్ 3 శాతం గుళికలు కాండం తొలుచు పురుగుకు సుడిలో వేయడానికి సిఫారసు చేసినవి, ఎకరాకు 3 కిలోలు. కత్తెర పురుగుకు వాటిని నమ్ముకోవద్దు. పైగా అది చాలా విషపూరితమైనది. ఉత్త చేతులతో గుళికలు చల్లే అలవాటు మన వైపు ఇంకా ఉంది, దయచేసి ఆ పని చేయకండి.

వచ్చే పంటకు మాత్రం మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి. సయాంట్రానిలిప్రోల్, థయోమిథాక్సామ్ కలిసిన విత్తనశుద్ధి మందును డబ్బా మీద రాసిన మోతాదులో పట్టిస్తే మొదటి రెండు మూడు వారాలు పైరుకు రక్షణ ఉంటుంది. విత్తే ముందు లోతుగా దున్నితే మట్టిలో ఉన్న కోశాలు (పురుగు రెక్కల పురుగుగా మారే ముందు ఉండే గూళ్లు) పైకి వచ్చి ఎండకూ కొంగలకూ బలి అవుతాయి. ఊళ్లో అందరూ ఒకే వారం పది రోజుల్లో విత్తితే పురుగుకు వరుసగా లేత పైరు దొరకదు. మన దగ్గర బోరు ఉన్నవారు జూన్‌లో, వాన కోసం చూసేవారు జూలై చివర్లో విత్తడం వల్ల కత్తెర పురుగుకు ఒక చేను ముదిరేసరికి పక్కన మరో చేను లేతగా సిద్ధంగా ఉంటోంది. సాళ్ల మధ్య కంది, పెసర లేదా మినుము వేసుకోండి. మొలకెత్తిన వారానికే ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి, మగ పురుగులు పడడం మొదలైన రోజు నుంచి ఆకుల మీద అద్దపు పొర కోసం వెతకండి. అప్పుడైతే అజాడిరాక్టిన్ 1500 పీపీఎం ఉన్న వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు సరిపోతుంది. పెద్ద పురుగు మీద వేప నూనె కొట్టి పనిచేయలేదంటే అది వేప తప్పు కాదు.

ఇక జొన్నకు పాకుతుందా? పాకుతుంది. మొక్కజొన్న తరువాత దీనికి ఇష్టమైన వాటిలో జొన్న ఒకటి, సజ్జకూ వస్తుంది. లెక్క, మందు పద్ధతి దాదాపు అదే. కానీ జొన్నలో మొవ్వు ఎండిపోతే వెంటనే కత్తెర పురుగు అనుకోవద్దు. ఆ మొవ్వును పట్టి లాగండి. సులువుగా ఊడివచ్చి, కొస కుళ్లి దుర్వాసన వేస్తే అది మొవ్వు ఈగ పని. మొలిచిన నెల రోజుల లోపే దాని దాడి. ఆలస్యంగా విత్తిన జొన్నకే ఎక్కువ, అందుకే తొలి వానలకే విత్తమని పెద్దలు చెప్పేది. మొవ్వు చచ్చిన మొక్క పక్క పిలకలు వేస్తుంది. పంట పోయింది కదా అని ఆ లేత పిలకల మీదికి పశువులను తోలకండి. లేత జొన్నలో, అందులోనూ బెట్టకు వాడినదానిలో, పశువును గంటల్లో చంపే విషం ఉంటుంది. ఎండుకాలం చివర ఊళ్లో ఒక ఆవు అలా పడిపోతే కారణం పురుగుమందే అనుకున్నారు. పురుగుమందు ఆ చేలో పడనే లేదు.

పత్తి సంగతి వేరు. మీరు కత్తెర పురుగు గురించి కాదు, గులాబి రంగు పురుగు గురించి భయపడాలి. 2002లో కాయతొలుచు పురుగులను చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తి, 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చాక కాయతొలుచు పురుగుల గొడవ తీరిందనుకున్నాం. గులాబి రంగు పురుగు ఆ రెండిటినీ తట్టుకుంది. దీనితో చిక్కేమిటంటే కాయ బయటికి ఏమీ కనిపించదు. పురుగు పిల్లగా ఉన్నప్పుడే లోపలికి పోతుంది, వెళ్లిన రంధ్రం మూసుకుపోతుంది. విత్తిన 45 రోజుల నుంచి ఈ పురుగు లింగాకర్షక బుట్టలు పెట్టండి. వరుసగా మూడు రోజులు బుట్టకు 8 మగ పురుగుల చొప్పున పడితే, లేదా పది పచ్చి కాయలు కోసి చూసినప్పుడు ఒకదానిలో బతికిన పురుగు ఉంటే మందు ఆలోచించాలి. రేకలు విప్పుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న గుడ్డి పూలను రోజూ తెంపి నలిపేయండి. డిసెంబరు దాటించి నాలుగు కిలోల పత్తికి ఆశపడి చేనుకు మళ్లీ నీళ్లు పెట్టవద్దు. చివరి ఏరుడు అయ్యాక గొర్రెలను తోలితే విచ్చని కాయలు తినేస్తాయి. కట్టెలను పొయ్యి కోసం ఇంటి వెనక వచ్చే జూన్ దాకా పేర్చి ఉంచడమే మనం చేస్తున్న పెద్ద పొరపాటు. వచ్చే పంటకు పురుగు ఆ ఎండు కాయల్లోనే నిద్రపోతూ ఉంటుంది.

గట్టు మీద ఆముదం ఉందని రాశారు, దానికీ ఏదో నల్లటి పురుగు పట్టిందన్నారు. అది దాసరి పురుగై ఉంటుంది, కొందరు నామాల పురుగు అంటారు. నల్గొండ, మహబూబ్‌నగర్ ఆముదానికి పేరు పడిన రోజుల నుంచీ మనకు తెలిసిన పురుగే. మందు కొట్టేలోపు దాని వెనక భాగం చూడండి. బియ్యపు గింజ కంటే చిన్న తెల్లటి గూడు ఒకటి అంటుకుని ఉంటే, ఆ పురుగు లోపల ఒక చిన్న కందిరీగ పిల్ల పెరిగి బయటికి వచ్చి గూడు కట్టుకుందని అర్థం. ఇక ఆ దాసరి పురుగు ఎంతో కాలం బతకదు. ఎక్కువ పురుగులకు అలాంటి గూళ్లుంటే మందు కొట్టవద్దు. కొడితే ఆ కందిరీగలు పోతాయి, పది రోజుల్లో దాసరి పురుగు రెండింతలవుతుంది.

మీ మొక్కజొన్నలోనూ ఇలాంటి సాయం ఒకటి అందవచ్చు. వారం పాటు ముసురు పట్టి, చేలో తేమ నిలిచినప్పుడు కొన్ని పురుగులు ఆకుకు అంటుకుని బిగుసుకుపోయి, మొదట సున్నం పూసినట్టు తెల్లగా, తరువాత లేత ఆకుపచ్చ పొడి చల్లినట్టు కనిపిస్తాయి. అది పురుగుకు వచ్చే బూజు తెగులు. పైరుకూ మనిషికీ దానివల్ల హాని లేదు. అలాంటివి కనిపిస్తే పిచికారీ నాలుగు రోజులు వాయిదా వేసి మళ్లీ లెక్కపెట్టండి. గట్టి వాన పడినా సుడుల్లో నీళ్లు నిలిచి చిన్న పురుగులు చాలా చస్తాయి.

వంద మొక్కల లెక్క, పురుగు పొడవు, మీరు కొట్టిన మూడు డబ్బాల మీద ఉన్న అసలు మందు పేర్లు రాసి పంపండి. బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో శాతంతో సహా ఉంటుంది చూడండి, అది కావాలి. వీలైతే సుడి కోసి విప్పిన ఫోటో ఒకటి, పురుగు తల స్పష్టంగా కనిపించేట్టు తీయండి. అవి వచ్చాక ఎర వేయాలో పిచికారీ చేయాలో ఖాయంగా చెబుతాను. అప్పటిదాకా చేలో ఇంకే మందూ కొట్టకండి. రెండు పిచికారీలు అయిన చేను కాబట్టి కోసిన చొప్పను కూడా పశువులకు వేయకుండా ఆగండి.